కాజాలు లేని చొక్కాలు

మా మాస్టారు ఇరవై రెండేళ్లలో నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఇది ఫిర్యాదు కాదు, ముందే చెబుతున్నాను. ఆయన బట్ట కత్తిరించేవారు, మిషన్ల వాళ్లు కుట్టేవారు, చివర్లో నేను కాజాలు తీసి బొత్తాలు కుట్టేదాన్ని. కాజా బాగుంటే ఆయన నోరు మెదిపేవారు కాదు, చొక్కా మడతపెట్టి అరలో పెట్టేసేవారు. బాగాలేకపోతే ఆ చొక్కా గాల్లో ఎగిరొచ్చి నా ఒళ్లో పడేది. "ఇది కాజానా, ఎలక కొరికిన కన్నమా?" అనేవారు. నేను విప్పి మళ్లీ కుట్టేదాన్ని. రెండోసారి అది నా ఒళ్లో పడకపోతే ఆ పూట అన్నం కాస్త ఎక్కువే తినేదాన్ని.

ఆయనకు పని ఎవరూ నేర్పలేదు. పడుచుతనంలో ఏదో షాపులో మిషన్ తొక్కేవారట. అక్కడి కటింగ్ మాస్టర్ కత్తెర ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఈయన పాత చొక్కాలు సంపాదించి, కుట్లన్నీ విప్పదీసి, ముక్కల్ని వార్తాపత్రిక మీద పరిచి, చుట్టూ గీతలు గీసుకుని నేర్చుకున్నారు. సొంత షాపు పెట్టాక తమ్ముణ్ణి తెచ్చి గల్లా దగ్గర కూర్చోబెట్టారు. తమ్ముడికి మాట తియ్యన, వచ్చినవాళ్లు చల్లబడేవారు. అన్నకు ముక్కుమీద కోపం, వచ్చినవాళ్లు బెదిరేవారు. కానీ ఆయన కత్తిరించిన చొక్కా ఒకసారి తొడుక్కున్నవాడు ఇంకో షాపు గడప తొక్కేవాడు కాదు. మనిషి గుమ్మంలోంచి బల్ల దాకా నడిచొచ్చేలోపే ఏ భుజం కిందికుందో ఆయనకు తెలిసిపోయేది.

అలాంటి మనిషి ఒకనాడు పొద్దున్నే, కత్తెర సగం తెరిచి బట్ట మీద పెట్టి, ఇక ముయ్యలేకపోయారు. ఏదో ఆలోచిస్తున్నారనుకున్నాం. నోరు ఒక పక్కకి జారడం మొదట చూసింది నేనే. ఆసుపత్రిలో స్ట్రోక్ అన్నారు, తలలో కుడివైపున రక్తం ఆగిందన్నారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాటా, కుడి చెయ్యీ మిగిలాయి. కత్తెర పట్టేది కుడి చేత్తోనే కదా అని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. మాకేం తెలుసు!

ఇంటికొచ్చాక చూస్తే అసలు సంగతి వేరు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది అలాగే వదిలేసి, ఇంకాస్త పెట్టమనేవారు. కుడి చెంప నున్నగా గీసుకుని, ఎడమ చెంప మీద గడ్డం వదిలేసి అద్దం ముందునుంచి లేచేవారు. కళ్లలో లోపం లేదు. ఎడమవైపు అనేది ఒకటుందని మెదడు మర్చిపోయింది. పైగా, మర్చిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియదు. అక్క, అంటే ఆయన భార్య, ఏడుపు దిగమింగుకుని కంచం అటూ ఇటూ తిప్పి పెట్టేది. ఆయన మాత్రం రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నారు. కసరత్తు వద్దు, మందు వద్దు, మనిషి వద్దు. పలకరించడానికి వెళితే, "కాజాలు తీసుకోక ఇక్కడేం పని నీకు?" అన్నారు. ఆ తిట్టులో కూడా పస లేదు, అదే నాకు భయమేసింది.

కసరత్తులు చేయించడానికి ఒకావిడ వచ్చేది, కాళ్లూ చేతులతో పాటు చదువూ చూపూ కూడా సరిచేయిస్తుందని చెప్పేవారు. ఆవిడ ఒకరోజు షాపుకొచ్చి తమ్ముడితో చాలాసేపు మాట్లాడి వెళ్లింది. నేను లోపల బొత్తాలు ఏరుకుంటున్నాను, ఒక్క మాటా వినపడలేదు. ఆవిడ వెళ్లాక తమ్ముడు మమ్మల్నందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. అన్నయ్యకి దిగులు పట్టుకుంది, దిగులుంటే మెదడు కోలుకోదట, మనసు లేస్తేనే మనిషి లేస్తాడట, ఆయన్ని షాపుకి తీసుకొచ్చి పని చేతికివ్వాలట, ఆయన మనసు కష్టపెట్టే మాట ఎవరూ అనకూడదట. ఇదంతా ఆవిడే చెప్పిందన్నాడు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

షాపులో ముదురు నీలం బట్ట చుట్టలు నాలుగు మూలపడి ఉన్నాయి. ఏదో ఫ్యాక్టరీ వాళ్లు యూనిఫాం చొక్కాలకని చెప్పి, తరవాత వద్దన్నారు. ఆ సంగతి మాస్టారికి తెలియదు. ఆ బట్ట ఆయనకిద్దాం, ఫ్యాక్టరీ పని అని చెబుదాం, కత్తిరించినన్ని కత్తిరించనీ అన్నాడు తమ్ముడు. కత్తిరించిన కట్టలు ఎక్కడ పెట్టాలి అని మిషన్ అతను అడిగాడు. వెనక గదికి వెళ్లే దారిలో ఎడమవైపు అరలున్నాయిగా, అక్కడ పెట్టండి అన్నాడు. ఎవరికీ ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఎవరం ఏమీ అనలేదు. ఎడమవైపు పెడితే దాచే పని కూడా ఉండదు కదా.

ఆ ఒక్క మాటతోనే నేను లేచి వెళ్లిపోయి ఉండాల్సింది. వెళ్లలేదు.

మొదటిరోజు ఆయన కర్ర ఊతంగా వచ్చి, తన బల్ల మీద చెయ్యి వేసి, బల్లనంతా నిమిరారు. అంతా అంటే కుడివైపంతా. బట్ట మూడు పొరలు పరిచి ఇచ్చాం. సుద్ద పట్టుకుని గీశారు, చెమటలు కక్కుతూ కత్తిరించారు. వీపు భాగం బాగుంది. చేతులు బాగున్నాయి. ముందు ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాను. రెండూ కుడివే. మగవాళ్ల చొక్కాకి బొత్తాలు కుడి ముక్క మీద ఉంటాయి, కాజాలు ఎడమ ముక్క మీద. ఎడమ ముక్క కాస్త వెడల్పుగా, కాజా పట్టీకి చోటు వదిలి గీసుకోవాలి. ఆయన ఒక కుడి ముక్క గీసి, ఎడమది గీయబోయి, మళ్లీ కుడిదే గీశారు. ఆ బట్టకు పైముఖం వేరు, లోపలిముఖం వేరు, తిరగేసి కుడదామన్నా కుదరదు. అంటే ఆ చొక్కాకి బొత్తాలుంటాయి, అవి దూరే కాజాలే ఉండవు.

షాపులో ఎంతమంది ఉన్నా ఆయన తల తిప్పింది నావైపే. "ఏం అమ్మాయ్, ఎలా ఉంది?" అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన నన్నడిగిన మొదటి అభిప్రాయం అది. తమ్ముడు గల్లా దగ్గర్నుంచి నన్నే చూస్తున్నాడు. అక్క గుమ్మం దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"బాగుంది మాస్టారూ," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. నన్నెందుకు అడిగారో నాకు తెలుసు. తమ్ముడు బాగుందంటాడు, భార్య బాగుందంటుంది, వాళ్లకు ప్రేమ. నాకు ఆయన ఇరవై రెండేళ్లపాటు తప్పంటే ఏమిటో ఒళ్లో పడేసి మరీ నేర్పారు. కాజా లేని చొక్కాని నేను బాగుందనను అని ఆయన నమ్మకం.

ఒక సంగతి ఒప్పుకోవాలి, ఆ అబద్ధం పనిచేసింది. మర్నాటినుంచి ఆయన తనంతట తానే నిద్రలేచి కసరత్తులు చేసేవారట. మెట్లు ఎక్కడం నేర్చుకున్నారు. ఒంటిచేత్తో, పళ్లతో బట్టపీలిక లాగి కట్టలకు ముడి వేయడం నేర్చుకున్నారు. ఆ ముడి ఎవరికీ రాదు, విప్పడమూ ఎవరికీ రాదు. "మీ చేతులకన్నా నా పళ్లు బాగా పనిచేస్తున్నాయి," అని మిషన్ వాళ్లని ఆటపట్టించేవారు. మనిషి నవ్వుతున్నాడు కదా, అది చాలు అనేది అక్క. నేనూ అదే అనుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

కానీ కట్టలు అరల్లో పెట్టేది నేను. పెట్టేముందు చూసేదాన్ని, చూడకుండా ఉండలేని పాడు అలవాటు. మొదటి నెల పది చొక్కాలు కత్తిరిస్తే నాలుగైదింటికి ఎడమ ముక్క వచ్చేది. ఒక్కోసారి గీస్తూ గీస్తూ ఆగి, ఏదో మర్చిపోయినవాడిలా సుద్దతో బల్లని తట్టేవారు. అప్పుడు ఎవరైనా "ఎడమది మాస్టారూ" అనుంటే చాలు. ఎవరూ అనలేదు. రెండో నెల పదికి రెండు. నాలుగో నెలకి అసలు ఆగడమే మానేశారు. పదికి పదీ కుడి ముక్కలే, చకచకా, తప్పు చేస్తున్నానన్న అనుమానం లేకుండా. చిత్రమేమిటంటే ఇంటి దగ్గర ఆయన బాగుపడుతున్నారు. కసరత్తులావిడ పుస్తకానికి ఎడమ అంచున ఎర్ర పట్టీ అతికించి, చదివేముందు దాన్ని వెతుక్కోమనేదట. వెతక్కపోతే ఆపి, మళ్లీ మొదలుపెట్టించేదట. పేపరు మొత్తం చదువుతున్నారు అని అక్క మురిసిపోతూ చెప్పింది. కంచం తిప్పే పని కూడా తప్పిందంది.

ఇంట్లో నేర్చుకుంటున్న మనిషి షాపులో ఎందుకు మర్చిపోతున్నాడు? నా బుర్రకు తట్టిందేదో తమ్ముడితో అన్నాను, చెబుదాం బాబూ, మెల్లగా చెబుదాం అని. అతను టీ గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. "నీకు ఆయన మీద కోపమేమన్నా ఉందా? ఆవిడ అంతగా చెప్పి వెళ్లింది. మళ్లీ మంచాన పడితే నువ్వు చూస్తావా?" అన్నాడు. నేను వెళ్లి మళ్లీ కాజాల ముందు కూర్చున్నాను. అప్పటికే అతను పక్కవీధినుంచి కొత్త కటింగ్ మాస్టర్ని తెచ్చి పెట్టుకున్నాడు. మాస్టారు మధ్యాహ్నం ఇంటికి వెళ్లగానే ఆ మనిషి వచ్చి అదే బల్ల మీద అసలు పని చేసేవాడు. బల్ల మీద పాత చెక్క తీసేసి కొత్త నున్నటి రేకు కూడా వేయించాడు. మాస్టారు అడిగితే, నీ చెయ్యి సులువుగా జరుగుతుందని వేయించాను అన్నయ్యా అన్నాడు.

ఆ రోజు వాన. తమ్ముడు దారాల కోసం బయటికి వెళ్లాడు. కరెంటు పోయి షాపంతా ఉక్కపోస్తోంది. వెనక గది కిటికీ తెరవడానికి మాస్టారు కర్ర పట్టుకుని లేచారు. ఎన్నోసార్లు నడిచిన దారే, రోజూ మధ్యాహ్నం ఇంటికి వెళ్లేది ఆ వెనక తలుపునుంచే, తిరిగి ఆ దారిన వచ్చే పని ఎప్పుడూ పడలేదు. కాని పొద్దున తమ్ముడు కోటు లోపలివైపు వేసే ఎర్ర బట్ట చుట్ట ఒకటి తెచ్చి, చోటు లేక ఆ ఎడమవైపు అరల మీద నిలబెట్టాడు. ఎరుపు కనబడితే తల అటు తిప్పమని కసరత్తులావిడ నాలుగు నెలలుగా ఆయనకు నేర్పుతోంది. తల తిప్పారు.

కర్ర చప్పుడు ఆగిపోవడం నేను విన్నాను. వెళ్లి చూస్తే ఆయన అరల ముందు నిలబడి ఉన్నారు. కింద అరనుంచి పై అర దాకా నీలం కట్టలు. ప్రతి కట్టకీ ఆయన పళ్లతో వేసిన ముడి. ఒక్కటి కూడా విప్పింది లేదు.

ఒక కట్ట చంకలో ఇరికించుకుని బల్ల దగ్గరకు వచ్చారు, ముడి పళ్లతో విప్పారు, ముక్కలు పరిచారు. ముందు ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టారు. అవి అచ్చంగా సరిపోయాయి. సరిపోకూడదు కదా. ఎడమది వెడల్పుగా ఉండాలి కదా. ఇంకో కట్ట తెచ్చారు. ఇంకోటి. నేను సాయం చేయబోతే వద్దని చేత్తో ఆపారు. ఏడో కట్ట తరవాత కుర్చీలో కూర్చున్నారు.

"మొదటిరోజువి కూడా ఇలాగే ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయి మాస్టారూ."

"నీకు అప్పుడే తెలుసా?"

నేను తల ఊపాను. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"వాళ్లంటే నావాళ్లు. జాలిపడ్డారు అనుకుంటాను. నిన్ను నేను జాలి కోసం అడగలేదమ్మాయ్. నా తల నాకు తప్పు చెప్పడం లేదు, నీ కళ్లయినా చెబుతాయని అడిగాను. ఆ దారి కూడా మూసేశావు."

కసరత్తులావిడే అలా చెప్పమందట అని నసిగాను. ఆయన లేచి, గొడుగు కూడా తీసుకోకుండా, వానలో కర్ర ఆనించుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

నేను ఆ సాయంత్రమే కసరత్తులావిణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. నా తప్పు ఎవరి నెత్తినన్నా రుద్దాలి కదా. అలా ఎందుకు చెప్పావమ్మా అని నిలదీశాను. ఆవిడ నా మొహం వింతగా చూసింది. మనసు కష్టపెట్టొద్దని చెప్పిన మాట నిజమే. కానీ అది చెప్పిన వెంటనే ఇంకో మాట చెప్పిందట. "తప్పు చేస్తే అప్పటికప్పుడు చెప్పండి, కసరకుండా చెప్పండి. ఆయనకి లోపలినుంచి తెలియదు, బయటనుంచి ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. అలా చెబితేనే నేర్చుకుంటారు అని మీ షాపాయనకి రెండుసార్లు చెప్పాను," అంది. మొదటి నెలలోనే సగం చొక్కాలు సరిగ్గా వచ్చేవని నేను చెబితే, ఆవిడ నుదురు పట్టుకుని కూర్చుంది. అప్పుడు చెప్పి ఉంటే ఈపాటికి పదికి ఏడెనిమిది సరిగ్గా వచ్చేవేమో, ఇప్పుడు తప్పే అలవాటైపోయింది, దాన్ని పోగొట్టి కొత్తది నేర్పడం రెండింతల కష్టం అంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చామన్నమాట.

సగం మాట మాకు చెప్పాడు, సగం మాట మింగేశాడు. మర్నాడు వెళ్లి తమ్ముణ్ణి కుండబద్దలు కొట్టినట్టు అడిగాను. అన్నయ్యని ఏడిపించడం ఇష్టంలేక అన్నాడు. మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. అతని కన్నీళ్లు నిజమే, అది నేను కాదనను. ఆ బల్ల కావాలన్న కోరిక కూడా నిజమే. ఇన్నేళ్లూ గల్లా దగ్గర కూర్చుని అన్న చాటున బతికినవాడికి, అన్న బాగుపడటమూ కావాలి, బాగుపడకపోవడమూ కావాలి. ఆ రెండోది అతను తనకి తాను కూడా చెప్పుకుని ఉండడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే. ఆ గుడ్డ నా చేత పట్టించాడు. నాకు అందుకే అతని మీద ఇప్పటికీ కడుపు మండుతుంది. నేను ఆ షాపు మానేశాను. మానేసి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మాస్టారు మళ్లీ మంచాన పడతారని అందరం హడలిపోయాం. పడలేదు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అక్కతో కూడా. "నువ్వు నవ్వుతుంటే నాకు ధైర్యంగా ఉండేది" అని అక్క చెప్పుకోబోతే మాత్రం, నేను నవ్వడానికి షాపుకి వెళ్లానా అని ఒక్క మాట అన్నారట. ఎనిమిదో రోజు కర్ర తీసుకుని తనే బయల్దేరి, మూడు వీధుల అవతల ఆసుపత్రులకు ఏప్రన్లు కుట్టే షాపులో పని అడిగారు. ఆ షాపు నడిపేది ఒక గయ్యాళి. ఆవిడ నోటికి జడిసి అక్కడ ఎవరూ నెల తిరక్కుండానే మానేస్తారు. మాస్టారు అందుకే అక్కడికి వెళ్లారని నాకు తరవాత అర్థమైంది. ఆవిడకి జాలి అనేది పుట్టుకతోనే లేదు. బట్ట పాడైతే వీధి వీధంతా వినపడేలా చెప్పేది. మొదటి నెల రోజూ వినపడింది. రెండో నెలలో అప్పుడప్పుడు. మనిషి చిక్కిపోయారట, ఒకటి రెండు సార్లు బల్ల మీద తల ఆనించి ఏడ్చారని కూడా విన్నాను. కానీ ఒక్కరోజు నాగా పెట్టలేదు.

ఏడు నెలల తరవాత నేను ఒక చొక్కాగుడ్డ పట్టుకుని అక్కడికి వెళ్లాను. మా ఆయనకి చొక్కా కావాలన్నది సాకు. మాస్టారు నన్ను చూసి, రా కూర్చో అన్నారు. కోపం లేదు, తిట్టు లేదు. నా క్షేమం అడిగారు, మా ఆయన మోకాళ్ల నొప్పి అడిగారు. వచ్చిన ఎవరినైనా అలాగే అడుగుతారు. కొలతలు చెప్పాను. ఆయన గుడ్డ పరిచి, ముందు తల ఎడమవైపు పూర్తిగా తిప్పి, అంచు దాకా చేత్తో తడుముకుని, అప్పుడు సుద్ద పట్టారు. కుడి ముక్క గీశారు. ఆగారు. మళ్లీ తల తిప్పి చూసుకుని ఎడమ ముక్క గీశారు, కాజా పట్టీకి చోటు వదిలి, వెడల్పుగా. కత్తెర పాతరోజుల్లోలా పరిగెత్తలేదు, కానీ గీత దాటలేదు.

ముక్కలు నా ముందుకు జరిపారు. నేను మొహమాటానికి చూడలేదు. వేళ్లతో కొలిచాను, ఒకదాని మీద ఒకటి పెట్టాను, మెడ చూశాను, చంక చూశాను. తప్పు కోసం మనసారా వెతికాను, దొరికితే చెప్పడానికి. దొరకలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"సరిగ్గా ఉంది మాస్టారూ. ఒక్క నూలుపోగు తేడా లేదు," అన్నాను. నా జన్మలో అంత నిజం నేను ఎవరికీ చెప్పి ఉండను.

ఆయన నావైపు చూసి తల ఊపారు, పెద్దవాళ్లు పిల్లల మాటకి ఊపినట్టు. తరవాత ఆ ముక్కలు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, లోపలికి తిరిగి, "ఓసారి ఇటొచ్చి చూస్తారా, సరిగ్గా వచ్చిందో లేదో," అని గయ్యాళిని పిలిచారు. ఆవిడ విసుక్కుంటూ వచ్చి, ముక్కలు అటూ ఇటూ తిరగేసి చూసి, ఉంది ఉంది అని గొణిగి వెళ్లిపోయింది. అప్పుడు ఆయన వాటిని మడతపెట్టి నాకిచ్చారు.